సగటు లెక్కకు అందని ఐసు

ఆకివీడు పక్కన రొయ్యల చెరువుల నడుమ ఐసు ఫ్యాక్టరీ నడిపే చక్రధరానికి, కంప్యూటరు షీటులో కూడిక సరిపోతే లోకంలో అన్నీ సరిపోయినట్టేనని గట్టి నమ్మకం ఉండేది.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఫ్యాక్టరీ తీసుకోకముందు అతను విశాఖపట్నంలో ఒక మందుల కంపెనీలో పదకొండేళ్లు బడ్జెట్లు వేసే ఉద్యోగం చేశాడు. అక్కడ మాత్రలు ఏడాది పొడవునా ఒకే తీరున తయారయ్యేవి, ఒకే తీరున అమ్ముడుపోయేవి. నెల మొత్తాన్ని ముప్ఫైతో భాగిస్తే రోజు లెక్క వచ్చేసేది. ఒకరి కింద చేసింది చాలనిపించి, దాచుకున్న డబ్బంతా పెట్టి, అది చాలక భార్య నగలు బ్యాంకులో కుదువపెట్టి, ఈ ఫ్యాక్టరీని ఐదేళ్ల లీజుకు తీసుకున్నాడు. నిలబడితే నగలు వెనక్కి వస్తాయి. లేకపోతే లీజూ పోతుంది, నగలూ పోతాయి. రొయ్య గురించి తనకు తెలిసింది ఇగురు ఒక్కటేనని అతనే నవ్వుతూ చెప్పేవాడు.

ఫ్యాక్టరీలో రోజుకు నాలుగు వందల యాభై ఐసు దిమ్మలు తయారయ్యేవి. రొయ్యలు పట్టే రోజున రైతులు వ్యాన్లు పంపి దిమ్మలు కొట్టించుకుని తీసుకుపోయేవారు. ముందుగా చెప్పుకునే ఆనవాయితీ ఆ చుట్టుపక్కల లేదు. ఎవరి వ్యాను ముందు వస్తే ఐసు వాళ్లది. అమ్మగా మిగిలిన దిమ్మలను వెనక ఉన్న పెద్ద చలిగదిలో దాచేవారు. పదిహేను వందల దిమ్మలు పట్టే గది అది. దానికి వేరే కంప్రెసరు, వేరే మీటరు. ఆ ఒక్క మీటరుకే నెలకు అరవై వేల బిల్లు వచ్చేది.

కొత్త సంవత్సరం బడ్జెట్ వేస్తూ చక్రధరం పాత షీటు తెరిచాడు. నెలకు అమ్ముడైనవి పన్నెండు వేలు. ముప్ఫైతో భాగిస్తే రోజుకు నాలుగు వందలు. తయారయ్యేవి నాలుగు వందల యాభై. రోజు అవసరం కన్నా యాభై ఎక్కువే తయారవుతుంటే దాచుకోవడానికి అంత గది ఎందుకని అతనికి తట్టింది. గది వరుసను కొట్టేసి చూశాడు. కింద లాభం గడి పచ్చగా మారింది. అతని ముఖం కూడా అలాగే వెలిగింది.

మర్నాడు చలిగది మేస్త్రిని పిలిచి, గది మూసేస్తున్నామని చెప్పాడు. మేస్త్రి పేరు ఏసుపాదం. ఇరవై రెండేళ్లుగా అక్కడే దిమ్మలు మోసి, మోయించి, చేతులు కాయలు కాసిన మనిషి.

"బాబుగారండి, అమావాస్యకీ పున్నానికీ మన ఐసు ఎవరూ అడగరండి," అన్నాడు అతను. "అయి దాటేక ఎంతున్నా చాలదండి. అప్పుడు మనల్ని కాసేది ఆ గదేనండి."

చక్రధరానికి నవ్వొచ్చింది. "నువ్వు ఆదివారం చర్చికి వెళ్తావు కదయ్యా. నీకూ అమావాస్య పట్టింపేనా? బడ్జెట్‌లో తిథులకు కాలమ్ ఉండదు."

ఏసుపాదం ఇంకేదో చెప్పబోయి మానుకున్నాడు. యజమాని నవ్విన తర్వాత మళ్లీ నోరు విప్పడం అతనికి అలవాటు లేదు. అప్పుడు చక్రధరం "ఎందుకు అడగరు?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అతను అడగలేదు. ఆ వారంలోనే కంప్రెసరును కైకలూరు వ్యాపారికి మూడు లక్షలకు అమ్మేసి, గదిలో పాత డబ్బాలు పడేయించాడు.

మొదటి వారం తిప్పలు మొదలయ్యాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలిపి తొంభై దిమ్మలు కూడా పోలేదు. అమ్మకం లేనప్పుడు తీయడం తగ్గిద్దామని పనివాళ్లు అన్నారు. చక్రధరం ఒప్పుకోలేదు. షీటులో రోజుకు నాలుగు వందల యాభై అని ఉంది కాబట్టి నాలుగు వందల యాభై తీయాల్సిందేనన్నాడు. తీసిన దిమ్మలను షెడ్డు కింద పేర్చి, ఊక పోసి, టార్పాలిన్ కప్పారు. కరిగిన నీళ్లు కాలవ కట్టుకుని రోడ్డు మీదికి పోయాయి. రెండు రోజులు ఆగితే అమ్ముడుపోతాయిలే అని అతను సర్దుకున్నాడు.

రెండు రోజులు కాదు, నాలుగు రోజులు దాటాక వ్యాన్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గేటు నుంచి వంతెన దాకా బారు తీరాయి. పదింటికల్లా ఐసు అయిపోయింది. వెనకున్న వాళ్లు తిట్టుకుంటూ వేరే ఫ్యాక్టరీలకు పోయారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తొమ్మిది రోజుల తర్వాత ఎవరో మంత్రం వేసినట్టు మళ్లీ రోడ్డు ఖాళీ అయింది, షెడ్డు కింద దిమ్మలు మళ్లీ కరగడం మొదలుపెట్టాయి.

చక్రధరానికి ఏమీ అంతుబట్టలేదు. ఐసు మిగిలిపోతోంది. ఐసు చాలడం లేదు. ఒకే నెలలో, ఒకే ఫ్యాక్టరీలో, ఈ రెండూ ఎలా నిజమవుతాయి? నెల ఆఖరున షీటు ముందు కూర్చుని లెక్క చూశాడు. తీసినవి పదమూడు వేల అయిదు వందలు. అమ్మినవి తొమ్మిది వేల రెండు వందలు. కరుగుడు కింద పాత షీటులో నూటికి రెండు అని ఉంది. చలిగది ఉన్న రోజుల నాటి అంకె అది. గది పోయినా ఆ గడి అలాగే ఉండిపోయింది. ఆ ప్రకారం కరిగినవి మూడు వందలు కూడా కాకూడదు. మరి మిగతా నాలుగు వేల దిమ్మలు ఏమైనట్టు?

మళ్లీ కూడాడు. సూత్రాలు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. ఎక్కడా తప్పు లేదు. ఎండకు ఒక కాలమ్, కరెంటు కోతకు ఒక కాలమ్, వ్యాన్లకు ఒక కాలమ్ చేర్చాడు. షీటు కుడివైపుకు పెరిగి పెరిగి తెర దాటిపోయింది. ఒక కాలమ్ చేర్చిన కొద్దీ ఒక కొత్త అనుమానం పుట్టేది. అన్నం తింటూ అంకెలే గొణుక్కునేవాడు. భార్య ఏమైందని అడిగితే లెక్క సరిగ్గానే ఉందని జవాబిచ్చేవాడు. సరిగ్గా ఉంటే ఈ అవస్థ ఎందుకని ఆవిడ అడిగితే మళ్లీ షీటు తెరిచేవాడు.

అదే అయోమయంలో ఉండగా తాతాజీ ఫోన్ చేశాడు. నలభై ఎకరాల చెరువులున్న రైతు, ఫ్యాక్టరీకి అందరికన్నా పెద్ద ఖాతాదారు. ఆనవాయితీ కాకపోయినా, ఐసు దొరకడం లేదని నలుగురూ అంటుంటే భయపడి ముందుగా అడిగాడు. గురువారం తన చెరువులో రొయ్యల పట్టుబడి ఉందని, రెండు వందల దిమ్మలు కావాలని, ఇవ్వలేకపోతే ఇప్పుడే చెబితే వేరే చోట చూసుకుంటానని అన్నాడు. చక్రధరం షీటు చూశాడు. రోజు సగటు నాలుగు వందలు. తయారీ నాలుగు వందల యాభై. నిశ్చింతగా వ్యాన్లు పంపమన్నాడు.

గురువారం తెల్లవారేసరికే గేటు దగ్గర ఇరవై వ్యాన్లున్నాయి. ముందు వచ్చినవాళ్లు ఊరుకుంటారా? నింపుకుని వెళ్లిపోయారు. తాతాజీ వ్యాన్లకు దక్కినవి అరవై దిమ్మలు. అక్కడ చెరువు గట్టు మీద అయిదు టన్నుల రొయ్యలు ఎండలో ఉన్నాయి. ఐసు వెతుక్కుని తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సరుకు రంగు తిరిగిందని కొనేవాళ్లు ధర కోసేశారు. తాతాజీకి మూడు లక్షలు పోయాయి.

ఆయన ఫోన్లో కేకలు వేయలేదు. "మీ కంప్యూటర్లో ఐసు ఉందన్నారండి," అన్నాడు. "నా రొయ్యల్ని తెచ్చి కంప్యూటర్లో పెట్టలేను కదండీ." అంతే, పెట్టేశాడు.

అవమానంతో చక్రధరానికి ఒళ్లు మండిపోయింది. నాలుగు వేల దిమ్మలు మాయమయ్యాయి. షీటు అబద్ధం చెప్పదు. అంటే మనుషుల్లోనే ఎవరో అబద్ధం ఆడుతున్నారు. దిమ్మలన్నీ ఎవరి చేతుల మీదుగా పోతాయి? అతని ఆలోచన తిన్నగా వెళ్లి ఏసుపాదం దగ్గర ఆగింది. పనివాళ్లందరి ముందూ పిలిచి, వెనక గేటు నుంచి ఎన్ని దిమ్మలు అమ్ముకున్నావని అడిగేశాడు.

ఏసుపాదం అతని ముఖంలోకి చూశాడు. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ చూపులో. తర్వాత భుజాన ఉన్న ఐసు కొక్కెం తీసి నేల మీద పెట్టి, తాళాల గుత్తి దాని పక్కన పెట్టి, ఇంటికి వెళ్లిపోయాడు. ఇంత చేశాక కూడా చక్రధరానికి మనసు తేలికపడలేదు. దొంగను పట్టుకున్నవాడికి ఉండాల్సిన ధైర్యం తనలో ఎందుకు లేదో అతనికి తెలియలేదు.

గేటు దగ్గర చీటీలు రాసే నీలవేణిని పిలిచి, ఆ నెల చీటీలన్నీ తీసి దొంగతనం ఏ రోజున జరిగిందో తేల్చమన్నాడు. నీలవేణి జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ప్రాంతం పిల్ల. చేరి ఆరు నెలలైంది. చెరువుల సంగతి ఆమెకూ తెలియదు. కానీ తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే గుణం ఉంది. ఖాళీ చలిగదిలో పాత డబ్బాలు పక్కకు జరిపి, నేల మీద ముప్ఫై రోజుల చీటీలను రోజుకో దొంతరగా పేర్చింది. మర్నాడు మధ్యాహ్నం వచ్చి చక్రధరాన్ని పిలిచింది.

"దొంగతనం అయితే కనపడలేదండి. ఇంకోటి కనపడతంది. ఓసారి చూడండి."

చక్రధరం గుమ్మంలో నిలబడి చూశాడు. కొన్ని దొంతరలు మోకాలి ఎత్తున ఉన్నాయి. కొన్ని బెత్తెడు కూడా లేవు. ఆరు రోజులు బెత్తెడు, తర్వాత తొమ్మిది రోజులు మోకాలెత్తు. మళ్లీ ఆరు రోజులు బెత్తెడు, మళ్లీ తొమ్మిది రోజులు ఎత్తు. తన షీటులో నాలుగు వందలు అని నున్నగా ఉన్న నెల ఇక్కడ ఇలా ఎగుడుదిగుడుగా పడి ఉందేమిటో అతనికి బోధపడలేదు.

నీలవేణి ఇంకో సంగతి చూపించింది. ప్రతి చీటీ మీదా వ్యాను వాళ్లు అడిగిందెంత, మనం ఇచ్చిందెంత అని రెండు అంకెలుంటాయి. కంప్యూటరులోకి ఇచ్చింది మాత్రమే ఎక్కించేవారు. అడిగిందంతా కూడితే పన్నెండు వేలయింది. పోయినేటి కన్నా ఒక్క దిమ్మ కూడా తగ్గలేదు. ఎత్తు దొంతరల రోజుల్లో ఆరు వందలకు పైగా అడిగారు. పొట్టి దొంతరల రోజుల్లో తొంభై. నాలుగు వందలు అడిగిన రోజు నెల మొత్తంలో ఒక్కటి కూడా లేదు.

"ఎక్కడా లేని రోజుకు బడ్జెట్ వేశామండి మనం," అంది నీలవేణి. "ఈ పొట్టి రోజుల్లో తీసినయి రోజుకి మూడొందల అరవై చొప్పున, అన్నీ కలిపి నాలుగు వేల పైనే మిగిలిపోయాయండి. అయి కరిగి రోడ్డు మీదికి పోతుంటే నేను రోజూ చూస్తానే ఉన్నానండి. కానీ ఈ రోజుల్లో ఐసు ఎందుకు అడగలేదంటారు?"

చక్రధరానికీ తెలియదు. ఏడాదిగా ఎంత అని వెయ్యిసార్లు అడిగి ఉంటాడు, ఎందుకు అని ఒక్కసారీ అడగలేదు. గోడకున్న క్యాలెండరు తెచ్చి తేదీలు సరిచూశాడు. మొదటి పొట్టి దొంతరల మధ్య అమావాస్య ఉంది. రెండో వాటి మధ్య పున్నమి. తాను పరిహాసం చేసిన మాట ఎదురుగా నేల మీద పరిచి ఉంది. అయినా చంద్రుడికీ ఐసుకీ సంబంధం ఏమిటో ఇప్పటికీ తెలియదు. తెలిసిన మనిషిని తానే దొంగ అని పంపేశాడు.

బండి తీసి నేరుగా తాతాజీ చెరువు దగ్గరికి వెళ్లాడు. తాతాజీ గట్టు మీద ఉన్నాడు. కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. చక్రధరం ముందు క్షమించమని అడిగి, తర్వాత దాచకుండా తన అయోమయమంతా చెప్పి, ఆ రోజుల్లో రొయ్యలు ఎందుకు పట్టరో చెప్పమన్నాడు. తాతాజీ నీళ్లలో ఉన్న మేత ట్రే పైకి లాగి, ఒక రొయ్యను తీసి అతని అరచేతిలో పెట్టి నొక్కమన్నాడు. తడిసిన కాగితంలా మెత్తగా లోపలికి పోయింది.

"ఎల్లుండి అమావాస్యండి," అన్నాడు తాతాజీ. "అమావాస్యకీ పున్నానికీ ఇయి కుబుసం విడుస్తాయి. పెంకు ఇలా ఉంటే కొనేవాడు సగం ధర కోసేస్తాడు. అందుకని అప్పుడు ఎవ్వరం పట్టం. పెంకు గట్టిపడ్డాక అందరం ఒక్కసారే పడతాం. ఇందులో దాపరికం ఏముందండీ. మీ ఏసుపాదం చెప్పలేదా?"

"చెప్పాడండి."

"మరి?"

"ఎందుకని నేను అడగలేదు."

తాతాజీ రొయ్యను మళ్లీ నీళ్లలో వదిలేశాడు.

అక్కణ్నుంచి చక్రధరం ఏసుపాదం ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో అతని భార్య శాంతమ్మ బియ్యం ఏరుతోంది. పేరుకే శాంతమ్మ. దొంగ ఇంటికి దొరగారు ఎందుకొచ్చారో అని చేట పక్కన పెట్టి అడిగింది. చక్రధరం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు తనదని, దిమ్మలు ఎవరూ తీయలేదని, కరిగిపోయాయని, తాను గది మూయడం వల్లే అలా అయిందని చెప్పాడు. ఏసుపాదం లోపలి నుంచి వింటూనే ఉన్నాడు గానీ బయటికి రాలేదు.

"ఇక్కడ చెబితే మాకు తెలుస్తదండి," అంది శాంతమ్మ. "దొంగ అన్నది పదిమందిలో కదండీ. ఆ పదిమందికీ ఎవరు చెబుతారు? రేపు మా ఆయన బజారులో తలెత్తి నడవొద్దా?"

ఆ మాటలో న్యాయం ఉందని తెలుసుకోవడానికి చక్రధరానికి ఏ షీటూ అక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున్న పనివాళ్లందర్నీ పిలిచాడు. గేటు దగ్గర ఆగిన వ్యాన్ల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. శాంతమ్మ ముందు నడుస్తుంటే ఏసుపాదం వెనక వచ్చాడు. చక్రధరం అందరి ముందూ, తాను ఈ మనిషిని దొంగ అన్నానని, అది అబద్ధమని, ఇతను మొదటి రోజే నిజం చెబితే తాను పరిహాసం చేశానని చెప్పాడు. సిగ్గుతో తల వంగిపోయింది.

కంప్రెసరు కోసం కైకలూరు వెళ్తే ఆ వ్యాపారి మూడు లక్షలకు కొన్నదానికి నాలుగున్నర చెప్పాడు. బేరం ఆడే మొహం లేక చక్రధరం ఇచ్చుకున్నాడు. తాతాజీ నష్టానికి నాలుగు పట్టుబడుల ఐసు ఊరికే ఇస్తానన్నాడు. తాతాజీ రెండు చాలన్నాడు. గది మళ్లీ నడిచింది. పోయిన రైతుల్లో సగం మందే తిరిగి వచ్చారు. మిగతా సగం రావడానికి ఏడాది పట్టింది. నగలు ఇంకా బ్యాంకులోనే ఉండటంతో ఆ ఏడాది చక్రధరం ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగ్గా పట్టలేదు.

చక్రధరం షీటును పారేయలేదు. పారేయాల్సిన అవసరమూ లేదు, అది తన పని తాను సరిగ్గానే చేసింది. మరుసటి బడ్జెట్‌కు మాత్రం ఒక్కడే కూర్చోలేదు. నీలవేణి చీటీలు పట్టుకుని ఒక పక్కన కూర్చుంది. ఏసుపాదాన్ని కుర్చీలో కూర్చోబెట్టేసరికి తాతలు దిగివచ్చారు. ఒక్కో అంకె రాసేముందు చక్రధరం ఇది ఇంతే ఎందుకుంది, ఏం మారితే ఇది మారుతుంది అని ఇద్దర్నీ అడిగేవాడు. రాసేది తక్కువ, అడిగేది ఎక్కువ అయింది. ఒక రోజులో అయ్యే బడ్జెట్‌కు ఎనిమిది రోజులు పట్టింది.

ఎనిమిదో రోజున ఏసుపాదం కాస్త చనువు తెచ్చుకుని ఒక మాట అడిగాడు. "ఆ రోజు నేను అమావాస్య అన్నప్పుడే ఇలా అడిగుంటే చెప్పేవాణ్ని కదండీ. ఎందుకు అడగలేదండీ?"

చక్రధరం ఎదురుగా ఉన్న షీటు వైపు చూశాడు. "లెక్క సరిపోయింది కదా, ఇంక అడగడానికి ఏముంటుంది అనుకున్నానయ్యా," అన్నాడు.

అంకెలు ఎంత చక్కగా కూడినా, వాటి వెనక ఉన్న కారణాన్ని అడిగి, ఆలోచించి తెలుసుకోనివాడు సరైన లెక్కతోనే నష్టపోతాడు.